తూము దాకా

మద్రాసు, రాయపురం
12-2-1961

అక్కా,

నిన్న పొద్దున ఇక్కడికి చేరాను. రైల్లో కూర్చోవడానికి చోటు దొరకలేదు, గూడూరు నుంచి నిలబడే వచ్చాను. దిగీ దిగగానే షెడ్డుకు పోయి లారీ కింద దూరాను. ఇక్కడ మన బతుకు ఇంతే, మనుషుల ముఖాలకంటే లారీల అడుగుభాగాలే ఎక్కువ చూస్తాం.

బావకు బండి అప్పగించి వచ్చానే గాని మనసు అక్కడే ఉంది. మన ఇంట్లో అయిదో తరగతి దాకా చదివినదానివి నువ్వు, కాబట్టి నీకు రాస్తున్నాను. బావకు చదివి వినిపించు. రెండుసార్లు వినిపించు. ఒకసారి వింటే తల ఊపుతాడు, అంతే.

అది మామూలు మోటారుసైకిల్ కాదు. యుద్ధంలో సోల్జర్లు తోలిన మూడుచక్రాల మోటారుసైకిల్. ఎడమపక్క తగిలించిన తొట్టి దాని మూడోకాలు. తొట్టిలో బరువున్నంతసేపు చెప్పిన మాట వింటుంది. ఖాళీగా ఉంటే మాత్రం ఎడమకు తిప్పగానే తొట్టి చక్రం గాల్లోకి లేస్తుంది. అది లేచిందంటే బండి కుడిపక్కకు బోర్లాపడి, తోలేవాడు కిందపడతాడు. నెల్లూరు మార్కెట్టుకు పోయేటప్పుడు చేపల గంపలుంటాయి, ఫరవాలేదు. తిరిగొచ్చేటప్పుడే ప్రమాదం. అప్పుడు నువ్వు తొట్టిలో కూర్చోవాలి. ఎడమ మలుపు వస్తే తొట్టి అంచు పట్టుకుని నువ్వు కూడా ఎడమకు ఒరగాలి. సిగ్గుపడి బొమ్మలా కూర్చోవద్దు.

ఇంకొకటి. ఆక్సిలేటరు తిప్పితే బండి ఎడమకు లాగుతుంది, బ్రేకు వేస్తే కుడికి లాగుతుంది. ఇది బావకు బాగా గుర్తు చెయ్యి. నేర్పినన్ని రోజులూ నువ్వు తొట్టిలో కూర్చుని ఒకటే ప్రశ్నలు వేశావు. ఆయన ఒక్కటీ అడగలేదు. అదే నాకు కొంచెం బెంగగా ఉంది.

ఎలాగైనా ఆయన్ను మంచం మీద నుంచి లేపాలని ఈ బండి తెచ్చాను. పడవను ఒడ్డుకు లాగేటప్పుడు పడవకీ దుంగకీ మధ్య కాలు నలిగిన దగ్గర్నుంచి, ఊగే పడవలో నిలబడలేక, ఎప్పుడు చూసినా సముద్రంవైపు ముఖం పెట్టుకుని కూర్చునేవాడు. అది చూడలేకపోయాను. కిక్కు కొట్టడం ఆ కాలితో కాదు గనక అది నీ పని. మిగతాదంతా చేతుల పని, బావ చేతులకు బలానికేం తక్కువ?

జాగ్రత్త.

నీ తమ్ముడు
మునెయ్య


కృష్ణపట్నం దగ్గర, కొత్తపాళెం
20-4-1961

తమ్ముడూ మునెయ్యా,

నీ ఉత్తరం మీ బావకు రెండుసార్లు చదివి వినిపించాను. రెండుసార్లూ తల ఊపాడు.

మొదటిరోజు పాళెమంతా ఇసకలో నిలబడి చూసింది. నేను కిక్కు కొట్టి తొట్టిలో ఎక్కి కూర్చుంటే మన పక్కింటి అంకాలమ్మ ఊరుకుంటుందా? “ఏందిమే గురవా, కలెక్టరు దొరసాని మాదిరి కూచున్నావు! నెత్తిన గంప మోసిన మొగమేనా ఇది?” అంది. పక్కనున్న వాళ్ళు ఒకటే నవ్వులు. మీ బావ ముఖంలో చాలాకాలానికి వెలుగు కనిపించింది. ఆ వెలుగు కోసం ఎంతమంది నవ్వినా పడతాను.

ఇన్నాళ్ళూ చేపగంప చూడగానే బస్సు కండక్టరు ముక్కు మూసుకుని రైట్ అనేవాడు. ముత్తుకూరు దాకా నడిచి, అక్కడెవరి ఎద్దులబండైనా దొరికితే ఎక్కి, నెల్లూరు చేరేసరికి చేప మెత్తబడేది. ఇప్పుడు పాళెంలో సగంమంది ఆడవాళ్ళ చేపలు మన తొట్టిలోనే పోతున్నాయి. చేప కళ్ళల్లో నిగనిగ పోకముందే మార్కెట్టులో దించుతున్నాం.

ఒకరోజు నాకు జ్వరం వచ్చింది. నా బదులు మీ బావ తొట్టిలో ఉప్పుబస్తా వేసుకుపోయాడు. మన దగ్గర ఉప్పుకేం కొదవ? తిరిగొచ్చేటప్పుడు వాన దంచికొట్టింది. ఇంటికొచ్చి చూస్తే బస్తా సగానికి దిగి ఉంది, తొట్టి కన్నాల్లోంచి ఉప్పునీళ్ళు కారుతున్నాయి. ఎలా వచ్చావయ్యా అంటే, ముత్తుకూరు నుంచి నడకకంటే నెమ్మదిగా తోలుకొచ్చాడట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆరోజు నుంచి జ్వరమున్నా నేనే కూర్చుంటున్నాను.

ఇంకేం రాయను? ఒకరోజు ముత్తుకూరు దాటాక ఉప్పులారీ ఎదురొచ్చింది. కొంచెం భయపడ్డాం. ఏమీ కాలేదు. లారీవాడు నోటికొచ్చినట్టు తిట్టి పోయాడు. మా గంపలు రెండు తిరగబడ్డాయి, ఏరుకున్నాం. అంతే.

ఒళ్ళు బాగా అలసిపోతోంది. నువ్వు వేళకు తిను.

మీ అక్క
గురవమ్మ


మద్రాసు, రాయపురం
2-5-1961

అక్కా,

తీరిక లేక కార్డు రాస్తున్నాను. ఉప్పులారీ సంగతి సగం రాసి వదిలేశావు. “ఏమీ కాలేదు” అని రాసే మనిషివి కావు నువ్వు. ముల్లు గుచ్చుకుంటే మూడు రోజులు చెప్పుకునేదానివి. గంపలు తిరగబడ్డాయంటే బండి రోడ్డు దిగి ఉండాలి. ఎటు దిగింది? బావ బ్రేకు వేశాడా, హేండిలు తిప్పాడా? బ్రేకు లాగుతుంటే నేనొచ్చి సరిచేస్తాను. ఉన్నది ఉన్నట్టు రాయి.

మునెయ్య


కొత్తపాళెం
16-7-1961

తమ్ముడూ,

ఇంకెప్పుడూ కార్డు రాయకు. పోస్టుమాన్ నీ కార్డును అంకాలమ్మ అరుగు మీద కూర్చుని చదివి వినిపించి, తర్వాత నాకిచ్చాడు. “మీ తమ్ముడికి బండి మీద బో దిగులు మే!” అని ఆవిడ నన్ను ఆటపట్టించింది. మీ బావ వింటూనే ఉన్నాడు. ఇన్‌లాండ్ కవరు రాయి, లేదంటే రాయనే రాయకు.

లారీ సంగతి అయిపోయింది, దాన్ని వదిలెయ్యి. బండి బాగుంది. బ్రేకు నువ్వు చెప్పినట్టే కుడికి లాగుతుంది గాని, అది తెలిసిన లాగుడే, చెయ్యి ముందే కాచుకుని ఉంటుంది. ఎడమ మలుపులో తొట్టి తేలికవుతున్నట్టు కూడా చేతికి తెలిసిపోతుంది. అప్పుడు ఆక్సిలేటరు కొంచెం తగ్గిస్తే చాలు.

ఎండలు తగ్గలేదు. చేప కూడా పలచబడింది. కోడికూతకు ముందే లేచి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి, అన్నం వండి, గంపలు కడిగేసరికి నడుం నిలవదు. నడుం సంగతి అటుంచు, కుడిచేతి మణికట్టు మాత్రం రాత్రిళ్ళు నిద్రపట్టనివ్వడంలేదు. బట్ట పిండలేకపోతున్నాను. మద్రాసులో నొప్పుల తైలం మంచిది దొరుకుతుందంటారు గదా, ఎవరైనా వస్తుంటే ఒక సీసా పంపు.

తిరిగొచ్చేటప్పుడు పాళెం ముందున్న తూము దగ్గర కాసేపు ఆగుతాం, ఇంజను చల్లబడాలని. అక్కడ కాలువగట్టు మీద కూర్చుంటే గాలి చల్లగా తగులుతుంది. రోజు మొత్తంలో నాకు కాస్త సుఖంగా ఉండేది అక్కడే. ఆ తర్వాతే కష్టం.

మీ అక్క
గురవమ్మ


మద్రాసు, రాయపురం
8-8-1961

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి తైలం గుర్తు పెట్టుకున్నాను. రెండోసారి చదువుతుంటే చెమట పట్టింది.

తొట్టిలో కూర్చునే మనిషికి కుడి మణికట్టు ఎందుకు నొస్తుంది? ఆక్సిలేటరు తిప్పేవాళ్ళకు నొస్తుంది. మా షెడ్డులో రోజంతా బండ్లు తోలేవాళ్ళ మణికట్టు చూసినవాణ్ణి, నాకు చెప్పాలా? “చేతికి తెలుస్తుంది” అన్నావే, అది ఎవరి చేతికి?

నేనే పొరబడ్డానేమో అనుకున్నాను. కృష్ణపట్నం నుంచి ఉప్పు తోలుకొచ్చే చెంగయ్యన్న మొన్న లారీకి గ్రీజు పెట్టించుకోవడానికి వచ్చాడు. మాటల్లో తనే చెప్పాడు: “ముత్తుకూరు కాడ మీ తొట్టిబండిని ఒక ఆడమనిషి తోలతా ఉంటే చూసినా మునెయ్యా. మొగోడు తొట్టిలో గంప పట్టుకోని కూచోనుండాడు. ఏం కాలమబ్బా!” షెడ్డులో వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

నాకు కోపం వస్తోంది అక్కా, దాచడం ఎందుకు? రోడ్డు మీద లారీలు ఎలా వస్తాయో నాకు తెలుసు. బ్రేకులు సగం అరిగిన లారీలు అవి, వాటిని పంపేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ దారిన లైసెన్సు లేకుండా, చీర కుచ్చెళ్ళు చెయినులో పడతాయేమో అనే ఆలోచన కూడా లేకుండా నువ్వు తోలుతున్నావా? బావకేమైంది? తాగుతున్నాడా? కళ్ళు కనపడ్డంలేదా? చెంగయ్యన్నతో తైలం పంపుతున్నాను. జవాబు మాత్రం సరిగ్గా రాయి.

మునెయ్య


కొత్తపాళెం
3-9-1961

తమ్ముడూ,

తైలం అందింది. కోపం కూడా అందింది. రెండూ మంటగానే ఉన్నాయి.

మీ బావ తాగడంలేదు. కళ్ళు బాగానే ఉన్నాయి. ఈ కవరు చదివాక పొయ్యిలో పెట్టు.

పడవలో చుక్కాని పట్టుకునేవాడు పడవ ముక్కు ఎడమకు పోవాలంటే పిడిని కుడికి తోస్తాడు. కుడికి పోవాలంటే ఎడమకు తోస్తాడు. మీ బావ మీసం రాకముందు నుంచీ చేసిన పని అది. బండి హేండిలు అలా కాదని ఆయనకు తెలుసు. నెమ్మదిగా పోయేటప్పుడు ఆలోచించుకుని సరిగ్గానే తిప్పుతాడు. కానీ ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆలోచన ఎక్కడిది? చేతులు వాటికి తెలిసిన పని అవి చేస్తాయి.

ఆ రోజు ఉప్పులారీ మలుపులోంచి మామీదికి వచ్చింది. ఎడమకు తప్పుకోవాలి. ఆయన ఎడమకు పోవాలనే రెండు చేతులతో కుడికి తోశాడు. బండి నేరుగా లారీ మీదికే పోయింది. లారీవాడు పొలంలోకి దించకపోతే ఈ ఉత్తరం రాసే మనిషే ఉండేది కాదు. నేను చేపలు ఏరుతున్నాను. మీ బావ రోడ్డు పక్కన కూర్చుని చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. “నేను ఎడమకే తోలినా గురవా. దేవుడి తోడు, ఎడమకే తోలినా,” అన్నాడు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. నడుం విరిగినవాడిలా ఉన్నాడు.

నెల్లూరు పోవాలి, చేప చెడిపోతుంది, ఊళ్ళో ఆడవాళ్ళ గంపలు కూడా ఉన్నాయి. “నువ్వు తొట్టిలో కూచో,” అని నేను ఎక్కాను. నువ్వు నేర్పినదంతా నాకు గుర్తుంది. అలా మొదలైంది, నేనేదో సరదాపడి ఎక్కానని అనుకోకు.

మన పాళెంలో ఆడది పడవ ఎక్కదు. చుక్కాని ముట్టుకుంటే వలలో చేప పడదంటారు. చిన్నప్పుడు నువ్వు నాన్నతో పడవలో పోతుంటే నేను ఒడ్డున నిలబడి ఎంత ఏడ్చానో నీకు గుర్తుందో లేదో. ఇప్పుడు చూడు, నా చేతులు మరిచిపోవాల్సింది ఏమీ లేదు. హేండిలు ఎటు తిప్పాలంటే అటే తిప్పుతాయి. చీర సంగతి కూడా భయపడకు, గోచీ పోసి కట్టి మీ బావ పాత చొక్కా తొడుక్కుంటున్నాను.

నాకు భయం లారీలంటే కాదు, తూము దగ్గర. ఇంజను చల్లబడాలని ఆగుతామన్నాను గదా, అది అబద్ధం. పొద్దున పాళెం నుంచి తూము దాకా ఆయన తోలతాడు. తూము దాటాక పాళెంవాళ్ళ కళ్ళుండవు, నేనెక్కుతాను. తిరిగొచ్చేటప్పుడు అదే తూము దగ్గర నేను దిగి తొట్టిలో కూర్చుంటాను. ఆయన హేండిలు పట్టుకుని, ఛాతీ విరుచుకుని పాళెంలోకి వస్తాడు. పిల్లలు వెంటబడతారు. వలలు బాగుచేసేవాళ్ళు “ఆదెయ్యన్నా, యాడిదాకా పోయినావు?” అని పలకరిస్తారు. సముద్రం పోయాక ఆయనకు మిగిలిన మర్యాద అదొక్కటే. ఉన్నది ఒక మలుపు, పక్కనే ఉప్పుకాలువ. ఆ కాస్త దూరం తొట్టిలో నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాను. నెల్లూరు పోయి వచ్చిన అలసటంతా ఒక ఎత్తు, ఆ కాస్త దూరం ఒక ఎత్తు.

వద్దని చెప్పాలని రోజూ అనుకుంటాను. ఆయన ముఖం చూస్తే నోరు రాదు. నాకు రెండు ఓపికలు లేవు మునెయ్యా, ఒకటి తోలడానికీ, ఒకటి దాచడానికీ.

మీ అక్క


మద్రాసు, రాయపురం
1-10-1961

అక్కా,

కవరు పొయ్యిలో పెట్టాను. కోపమూ అందులోనే పోయింది, భయం మాత్రం మిగిలింది.

బావ చేతుల సంగతి నాకు తట్టకపోవడం వింతగా ఉంది. నేనూ పడవలో పెరిగినవాణ్ణే గదా. కాకపోతే నన్ను చిన్నప్పుడే షెడ్డులో పడేశారు, చేతులు మారిపోయాయి. ఆయన వయసులో చేతులు మారవు. అందులో ఆయన తప్పేమీ లేదు, ఈ మాట ఆయనకు చెప్పు.

నువ్వు తోలడం నాకు ఇష్టం కాదు. కానీ తోలితే నువ్వే తోలాలి. దీనికి రెండు పనులు చెయ్యండి. నెల్లూరులో బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గర పరీక్షకు పోయి లైసెన్సు తీసుకో. ఆడవాళ్ళకు ఇవ్వరని ఎవరైనా అంటే నమ్మకు, ఇక్కడ కార్లు తోలే ఆడవాళ్ళను రోజూ చూస్తున్నాను. రెండోది, తూము దగ్గర దిగడం మానేయండి. అక్కా, ప్రమాదం రోడ్డు పొడుగును బట్టి రాదు. ఇంటి గడప కనిపించేచోటే మనిషి ఏమరుతాడు. మా దగ్గరికి వచ్చే నుజ్జయిన బండ్లలో సగం ఊరి పొలిమేరలో పడ్డవే.

వానలు మొదలవుతున్నాయి, ఉప్పుకాలువ గట్టు జారుతుంది. నువ్వు చెప్పలేకపోతే నేనొచ్చి చెబుతాను. బావ నన్ను కొట్టినా సరే. దీపావళికి సెలవు అడుగుతున్నాను.

మునెయ్య


కొత్తపాళెం
6-11-1961

మునెయ్యకు,

గురవమ్మ చెబుతుంటే నేను రాస్తున్నాను. నా పేరు కరుణాకుమారి, ఇక్కడి బడిలో పంతులమ్మను. చేతిరాత మారిందని కంగారుపడవద్దని ముందుగా రాయమంది.

శుక్రవారం తూము దాటాక మలుపులో బండి కాలువలో పడింది. గేదె అడ్డం వచ్చింది. గురవమ్మ తొట్టిలో ఉంది, తొట్టి ముందు పడింది. కుడి భుజం దగ్గర ఎముక విరిగింది, నెల్లూరు ఆసుపత్రిలో కట్టు కట్టారు. రెండు పళ్ళు పోయాయి. ప్రాణభయం లేదు. మీ బావకు గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. ఎలా జరిగిందో చెయ్యి వచ్చాక తనే రాస్తుందట. “వాడికి తెలిసిందే, వేరే చెప్పక్కర్లేదు” అని కూడా రాయమంది. నువ్వు ఉద్యోగం వదులుకుని పరుగెత్తుకు రావద్దంది.

ఇది గురవమ్మ చెప్పలేదు, నేనే రాస్తున్నాను. ఆదెయ్య ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఎవరు పలకరించినా చేతులు వెనక్కి పెట్టుకుంటున్నాడు.

కరుణాకుమారి


మద్రాసు, రాయపురం
14-11-1961

అక్కా,

సెలవు ఇవ్వలేదు. దీపావళికి అడిగితే, లారీలన్నీ అప్పుడే రిపేరుకు వస్తాయి, పోతే మళ్ళీ రావద్దు అన్నాడు ఓనరు. పోతాననే అన్నాను. తర్వాత బయటికొచ్చి కూర్చుని, మళ్ళీ లోపలికి పోయి లారీ కింద పడుకున్నాను. ఇంతకంటే ఏం చెప్పను?

నాకు నువ్వు కావాలి, బండి కాదు. చెంగయ్యన్న లారీతో వస్తాడు, బండిని ఎక్కించి పంపెయ్యండి. ఇక్కడ ఇనుము కింద అమ్మేస్తాను. బావకు వేరే పని ఏదైనా చూద్దాం. ఏదీ దొరక్కపోతే మళ్ళీ మంచం మీదే కూర్చోనీ. సముద్రాన్ని చూసుకుంటూ బతికైనా ఉంటాడు, నువ్వూ ఉంటావు.

నాకూ విసుగొచ్చేసింది అక్కా.

మునెయ్య


కొత్తపాళెం
25-3-1962

తమ్ముడూ,

ఇన్ని నెలలకు నా చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

చెంగయ్యన్న లారీ తెచ్చాడు గాని బండి లేకుండానే మద్రాసు వచ్చాడని నీకు తెలుసు. ఎందుకో ఆయన నీకు చెప్పి ఉండడు. మనుషులను పిలిచి బండి ఎత్తబోతుంటే మీ బావ పోయి తొట్టి పట్టుకున్నాడు. “దీని తప్పేముండాది? దీన్నెందుకు అమ్మేది?” అన్నాడు. చెంగయ్యన్న కాసేపు చూసి, నాతో ఒక చెంబు మజ్జిగ ఇప్పించుకుని తాగి వెళ్ళిపోయాడు.

ఆ నెలలు ఎలా గడిచాయో చెప్పాలంటే నీకే నీరసం వస్తుంది. పాళెమంతా మీ బావనే తిట్టింది. వాళ్ళ లెక్కలో రోజూ నెల్లూరు దాకా తోలేది ఆయనే గదా. అంకాలమ్మ నడివీధిలో నిలబడి, “కట్టుకున్నదాన్ని కాలవలో పారేసినాడు, కాలు పోయినోడికి కండ్లు కూడా పోయినాయా!” అని అరిచింది. ఉన్న సంగతి నేను చెప్పబోతే మీ బావ చెయ్యి అడ్డం పెట్టాడు. వాళ్ళ మాటలు పడాలనే ఉన్నట్టుంది ఆయనకు. నాకు అన్నం కలిపి నోట్లో పెట్టాడు. తల దువ్వడం రాదు, దువ్వాడు, చిక్కులతో సగం జుట్టు పీకాడు. గొడవపడ్డాను. చాలా రోజులకు ఇద్దరం నవ్వాం.

నా కట్టు విప్పాక ఒకరోజు చూస్తే, ముత్తుకూరు కమ్మరి దగ్గర తొట్టి చక్రం సరిచేయించి తెచ్చి కిరసనాయిలుతో తుడుస్తున్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నోట్లో నలుగుతున్న మాట అప్పుడు అనేశాను. “నేను తోలతాను. అయితే తూము కాడ దిగను. దిగమంటే బండే ఎక్కను. నాకు ఇంకో ఎముక లేదు,” అన్నాను. ఆయన తల ఎత్తలేదు, ఊపలేదు, గుడ్డ పిండుకుని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. సరే అన్నాడో లేదో నాకు తెలియలేదు.

నిన్న లైసెన్సు పరీక్షకు పోయాం. ఆఫీసు ముందర లారీలవాళ్ళు, టాక్సీలవాళ్ళు చెట్టుకింద గుంపుగా ఉన్నారు. నేను బండి తోలుకుంటూ పోతే అందరూ బీడీలు పక్కకు తీశారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు వయసులో పెద్దాయన. తొట్టిలో మనిషిని దిగమన్నాడు. ఖాళీ తొట్టితో ఎడమకు తిప్పలేను సార్, ఎవరో ఒకరు కూర్చోవాలి అన్నాను. ఆయన మీ బావవైపు తిరిగి, “నువ్వెవరయ్యా? మగమనిషివి ఉండి, ఆమె చేత తోలిస్తున్నావేం?” అన్నాడు. లారీలవాళ్ళు నవ్వారు.

కాలు బాగాలేదు అంటాడు, అంటే సరిపోతుంది గదా, అది అబద్ధం కూడా కాదు అనుకున్నాను. మీ బావ తొట్టి అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

“నేను దీని మొగుణ్ణి సార్. నాకు తోలడం రాదు. నాయి పడవ చేతులు. ఎడమకి పొమ్మంటే కుడికి తోస్తాయి. రెండు తూర్లు దీన్ని సావు దాకా తీసకపోయినా. ఇది తోలతాది, నేను తొట్టిలో కూచుంటా. నేను కూచోకపోతే బండి పడతాది సార్,” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఇన్‌స్పెక్టరు, “అయితే కూర్చో, పోనివ్వమ్మా,” అన్నాడు. ఎలా తోలానో నాకు గుర్తులేదు. కళ్ళకు నీళ్ళు అడ్డం పడి, పరీక్ష కోసం నేలమీద గీసిన సుద్దగీతలు సరిగ్గా కనపడలేదు. అయినా పాసయ్యాను. లైసెన్సు పోస్టులో వస్తుందట. ఈసారి పోస్టుమాన్ ఎవరి అరుగు మీద చదువుకున్నా ఫరవాలేదు.

అది నెల్లూరు మునెయ్యా, మనల్ని ఎరిగినవాళ్ళు లేరు. అక్కడ చెప్పడం ఒకటి, పాళెంలో కనపడడం ఇంకొకటి. దారంతా నా ఆలోచన తూము మీదే ఉంది. తూము రాగానే చేతికి అలవాటై బండి ఆపేశాను. ఇంజను ఆపలేదు. ఆయన దిగుతాడేమో, దిగితే ఏం చెయ్యాలా అని ముందుకే చూస్తూ కూర్చున్నాను. ఖాళీ గంపలు సర్దుకున్న చప్పుడు వినిపించింది. చూస్తే ఆ వంకర కాలును లోపలికి లాక్కుంటున్నాడు.

“ఎందుకాపినావు?” అన్నాడు.

నేను ఆక్సిలేటరు మీద చెయ్యి వేశాను.

“పోనీ మే, ఎండెక్కతాంది,” అన్నాడు.

పాళెం మొదట్లో వలలు బాగుచేసేవాళ్ళంతా తలలెత్తారు. అంకాలమ్మ ఆకు నమలడం ఆపేసింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఒకడు, “ఆదెయ్యన్నా, ఏందిది?” అని కేకేశాడు. మలుపు వచ్చేసింది. నేను కాలువలో పడింది అక్కడే, ఇంకా గట్టు విరిగే ఉంది. తొట్టి తేలికవుతున్నట్టు చేతికి తెలిసింది. ఒరగమని నేను చెప్పాలనుకునేలోపే మీ బావ, అంతమంది చూస్తుండగా, రెండు చేతులతో అంచు పట్టుకుని ఒళ్ళంతా ఎడమకు వాల్చేశాడు. చక్రం నేలమీదే ఉంది. బండి తిరిగింది.

ఇంటికొచ్చాం. ఆయన గంపలు కడిగాడు. నేను అన్నం వండకుండానే పడుకున్నాను.

మణికట్టు ఇంకా నొస్తూనే ఉంది. తైలం అయిపోయింది, చెంగయ్యన్న వస్తే ఇంకో సీసా పంపు. పెద్ద సీసా పంపు, మీ బావ భుజాలకు కూడా కావాలి. ఒరిగి కూర్చోవడం అలవాటు లేదు గదా, పట్టేశాయట.

మీ అక్క
గురవమ్మ